నాయన చెప్పులు విప్పిన విమానం

ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు విమానంలో నేను నాయనతో అబద్ధమాడాను.

ఢిల్లీలో చేనేత ప్రదర్శనకు నాయనను పిలిచారు. ఎమ్మిగనూరు దాటి పెద్దగా ఎక్కడికీ పోని మనిషి, హిందీ రాదు. తోడుగా నన్ను రమ్మన్నాడు. ఇద్దరికీ అదే మొదటి విమానం. హైదరాబాదులో ఎక్కి కూర్చోగానే చెప్పులు విప్పి సీటు కిందికి తోశాడు. మగ్గం గుంతలో చెప్పులతో కాలు పెట్టడం మా ఇళ్లలో లేదు. ఆ అలవాటుతో ఎక్కడ కుదురుగా కూర్చున్నా విప్పేస్తాడు.

విమానం పైకి లేచిన కాసేపటికి నా మోచేయి తట్టాడు.

"పాపా, ఈడ యాదో సరిగా లేదు. అదురుతాంది."

కిటికీ పక్కనున్నాయన నవ్వాడు. "మొదటిసారా పెద్దాయనా? విమానమన్నాక అదరదా?"

"బస్సుల్లో తిరగలేదా అప్పా మేము? ఇది ఎడమ కాలి కిందనే అదురుతాంది. కుడి కాలికి లేదు." నావైపు తిరిగాడు. "ఆ యమ్మకు సెప్పు పాపా."

ఆ యమ్మంటే ఎయిర్‌హోస్టెస్. తల మీద బటన్ ఉంది. చేయి ఎత్తి దించేశాను. ఆదోని కాలేజీకి పోయే రోజుల్లో బస్సు ఆపమని కండక్టరును అడగలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచినదాన్ని. నాయన కాలికి తెలిసిందని ఇంతమందిలో ఎలా చెప్పను? లేచి బాత్‌రూం దాకా పోయి తిరిగొచ్చాను.

"సెప్పినావా?"

"చెప్పినా నాయనా. చూస్తారంట."

నమ్మి కళ్లు మూసుకున్నాడు. పాదాలు మాత్రం వేళ్లు విప్పి నేలకు ఆనించే ఉంచాడు. నేను పుస్తకం తెరిచాను. ఒక్క వాక్యం తలకెక్కలేదు. మగ్గం గుంతలో తొక్కుడుచెక్కల మీద ఆ కాలివేళ్లు ఆగాయంటే ఎక్కడో పోగు తెగినట్టే. ఒక్కసారి కూడా ఊరికే ఆగగా నేను చూడలేదు.

బటన్ నొక్కాను.

ఆమె తెలుగావిడే. విని నవ్వలేదు. నల్ల బూటులోంచి ఒక కాలు తీసి నాయన పాదం పక్కనే ఆనించింది. ముఖం మారింది.

"ఎప్పటినుంచి?"

నాయనకు వినపడకుండా ఆమె చెవిలో చెప్పాను. "పది నిమిషాలైంది. నేనే చెప్పలేదు."

ముందుకెళ్లి ఫోనెత్తింది. తిరిగొచ్చి, కెప్టెన్ వేగం తగ్గిస్తున్నారని చెప్పింది. "ఇప్పుడెలా ఉందండీ?"

"తగ్గిందమ్మా."

మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఈసారి వేగం కొంచెం పెంచి చూస్తున్నారట. "ఇప్పుడు?"

"ఆఁ, మళ్లా మొదలాయ."

ఆ జవాబులన్నీ ఫోనులో అందించింది. కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. ఒక భాగం మీద అనుమానముంది, ముందుజాగ్రత్తగా హైదరాబాదుకు తిరిగిపోతున్నాం. కిటికీ పక్కనాయన చప్పుడు చేయకుండా తన బూట్లు విప్పి, పాదాలు నేలకు ఆనించాడు.

చక్రాలు నేలను తాకి విమానం ఆగేదాకా నేను నాయన చేయి వదల్లేదు. ఆగాక నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చక్రాలు మడుచుకున్నాక మూసుకోవాల్సిన రేకు తలుపు ఒకటి సరిగా పడలేదేమోనని చూస్తున్నారట. భయపడాల్సిందేమీ లేదట, కానీ అలాగే ఢిల్లీదాకా పోకూడదట.

"సూస్తివా? నువ్వు ఎంటనే సెప్పినావు గాబట్టి సరిపోయ," అన్నాడు నాయన. తల దించుకుని మెట్లు దిగాను. వెనకాల ఆ ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది, చేతిలో నాయన చెప్పులు. నేల చల్లగా ఉన్నా, చెప్పులు సీటు కిందే వదిలేసిన సంగతి ఆయనకు గుర్తే లేదు. చెప్పులు నా చేతికిచ్చి మెల్లగా అంది:

"ఇంకో విమానంలో కూడా విప్పే కూర్చోమనండి. మీరు మాత్రం వెంటనే బటన్ నొక్కండి."