ఖాళీ అరలో వేలాడే బిళ్ల

చీకటి చోట్ల కూడా చెయ్యి విడువక నన్ను ఈ వయసు దాకా నడిపించిన తండ్రికి ముందుగా స్తోత్రం. తప్పిపోయినవాళ్లను వదిలేసి ముందుకు పోయే అలవాటు ఆయనకు లేదు గనుకనే, ఈ నాలుగు మాటలు రాయడానికి నేనూ, ఇవి రాయడానికి కారణమైన మా ఇంటాయనా ఇంకా మిగిలి ఉన్నాం.

స్తోత్రంతో మొదలుపెట్టాను గానీ, నిజం చెప్పాలంటే కొన్ని వారాలుగా నా మనసు చిరచిరలాడుతూనే ఉంది. కారణం ఒక ఆట. మా పెద్దమ్మాయి మంచిర్యాలలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక గోదావరి దాటి మా ఇంటికి వచ్చి, అన్నం తినగానే కంప్యూటర్ తెరుస్తుంది. ఆ ఆటలో ఒక లోకమే ఉంటుంది. నేల తవ్వుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, ఎవరికి తోచింది వాళ్లు చేసుకోవచ్చు. అసలు ఆట చేసినవాళ్లు ఇవ్వని యంత్రాలను బయటివాళ్లు తయారుచేసి దానికి జోడించవచ్చునట, అట్లా జోడించేదాన్ని మాడ్ అంటారట. మా అమ్మాయి గని యంత్రాల మాడ్ ఒకటి చేసింది. నీళ్లు తోడే పంపులు, బొగ్గు మోసే బెల్టులు, వాటితోపాటు గని లైట్లు పెట్టుకునే ర్యాకు అందులో ఉన్నాయి. ఏయే వస్తువులు కలిపితే ఏ యంత్రం వస్తుందో దాన్ని వాళ్లు రెసిపీ అంటారు. ఆడేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ప్రశ్నలు అడుగుతారు, రెసిపీలు మార్చమని సలహాలిస్తారు. అవన్నీ అమ్మాయి పైకి చదువుతుంటే నేను చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటాను.

వింటున్నకొద్దీ ఒళ్లు మండుతుంది. పంపుకు తోలు వాషరు ఎందుకు, తీసెయ్యండి అంటాడొకడు. ఎప్పటికీ తెగని బెల్టు కావాలంటాడు ఇంకొకడు. చెడిపోని యంత్రం, అలిసిపోని మనిషి, ఎదురుచూపు లేని పని, అందరికీ కావలసింది అదే. అన్నిటికన్నా ఎక్కువ గోల లైట్ల ర్యాకు మీద. గనిలోకి దిగేవాళ్లకు లైట్లు ఇచ్చే లాంప్ రూం, నేను ఉద్యోగం చేసింది, ఎట్లా ఉండేదో నన్ను అడిగి అడిగి అమ్మాయి దాన్ని అట్లాగే చేసింది. లైటు తీసుకునేవాడు అది తీసిన అరలో తన పేరున్న బిళ్లను తగిలించాలి, లైటు తెచ్చిచ్చి బిళ్ల తీసుకోవాలి, ఎవరిది వాళ్లే తెచ్చివ్వాలి. ఒక్క అర ఖాళీగా ఉన్నా ర్యాకు తలుపు మూసుకోదు, తలుపు మూసుకోకపోతే మిగతా లైట్లకు చార్జింగ్ ఎక్కదు. ఈ పద్ధతి తీసెయ్యమని అందరి పోరు. రెండు రాగి తీగలూ ఒక బొగ్గు పెళ్లా వేస్తే ఖాళీ అరలోకి కొత్త లైటు దానంతట అదే వచ్చేలా రెసిపీ మార్చమని ఒకరు రాస్తే, ఎంతోమంది భేష్ అన్నారు. వచ్చే మార్పుల్లో అట్లాగే చేస్తానని మా అమ్మాయి కూడా అనేసింది.

తియ్యొద్దు అన్నాను.

"ఆడేటోళ్లకు విసుగొస్తుందమ్మా. ఒక్కని కోసం అందరు ఆగాల్నా? ఎందుకుంచాలో చెప్పు, ఉంచుత," అంది.

ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక నేను తడబడుతుంటే, మడత కుర్చీలో కునుకు తీస్తున్న మా ఇంటాయన కళ్లు తెరవకుండానే, "పోనియ్యవే, ఆటనే గద," అన్నాడు. లోకంలో ఎవరన్నా ఆ మాట అనవచ్చు గానీ, ఆయన అనకూడదు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చి, చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా బాపు జబ్బు చేసి పోయాక గనిలో ఆయన ఉద్యోగం నాకు ఇచ్చి, లాంప్ రూంలో వేశారు. మీలో గని కాలనీల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ గది వాసన ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది, పులిసినట్టుండే ఆసిడ్ వాసన, వేడెక్కిన రబ్బరు వాసన. బ్యాటరీల్లోంచి చిందిన చుక్కలకు మా చీర కుచ్చిళ్లన్నీ చిల్లులే, పండక్కి కొన్న చీర డ్యూటీకి కట్టుకున్నామంటే దాని మీద ఆశ వదులుకోవలసిందే. నాకు పని నేర్పిన పెద్దమ్మ, చుట్టం కాదు గానీ అందరికీ పెద్దమ్మే, మొదటి రోజే చెప్పింది: "చేతికియ్యాలె, చేతిలకెల్లే తీస్కోవాలె. ఇంకొకని చేతి లైటు ముట్టకు బిడ్డా." ఎందుకని అడిగితే విసుక్కుంది. సండే స్కూల్లో తప్పిపోయిన గొర్రె కథ నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, కాపరి సాయంత్రం దొడ్డి గుమ్మంలో నిలబడి ఒక్కొక్క గొర్రెనే తడుముతూ లోపలికి పంపి ఉంటాడు కాబట్టే ఒకటి తగ్గిందని తెలిసిందని మాత్రం నాకు ఆ గదిలోనే తట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం మొదటి షిఫ్టు పైకి వచ్చింది. ఆ సాయంత్రం మా సంఘంలో ఉపవాస ప్రార్థన, పాట ఎత్తుకోవలసింది నేను, అందుకని నాకూ తొందరగానే ఉంది. వరసలో ఒకాయన రెండు లైట్లు కిటికీలో పెట్టాడు.

"ఇగో చెల్లె, ఇంకోటి మా బావమరిదిది. ఆరిపోతే చార్జింగుకు జల్ది పెడ్దమని తెచ్చిన. వాడు వెనుక వస్తుండు."

"ఆయన్నే రమ్మనన్నా."

"గాడ బీడీ తాగుతుండొచ్చు. నీకెందుకింత ఫికరు?"

వెనుక నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "లైటు తీస్కోనీకె మనిషి మొకం సూడాల్నా అక్కా? ఇదేమన్న పెండ్లి సంబంధమా?"

వరసంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. షిఫ్టు మీద పెత్తనం చేసే సర్దారు వచ్చి, రెండో షిఫ్టువాళ్లు నిలబడ్డారు, తీసుకుని పంపించమ్మా అని కసిరాడు. నేనేదో ముందే గ్రహించానని అనుకోకండి, పెద్దమ్మ చూస్తోందన్న భయం, వాళ్లు నవ్వారన్న పంతం, అంతే. ఆ రెండో లైటును అరలో పెట్టకుండా బల్ల మీదే ఉంచాను. వరస అయిపోయింది. అన్ని అరలూ నిండాయి, ఒక్క అరలో మాత్రం బిళ్ల వేలాడుతూనే ఉంది.

బీడీలు తాగే చోట చూశారు, క్యాంటీన్లో చూశారు, ఆ మనిషి లేడు. అప్పుడు ఆ బావగారి మొహం చూడాలి. లైటు ఆరిపోయిన మనిషి, వెనుక వచ్చేవాళ్ల వెలుగులో వస్తాను, నువ్వు నడువు అన్నాడట. ఆ వెనుకవాళ్లు ఇంకో దారిన పైకి వచ్చేశారు. ఆ లైటు అరలో పెట్టి ఉంటే ర్యాకు నిండినట్టే, మనుషులందరూ పైకి వచ్చినట్టే. మనుషులు కిందికి పరుగెత్తారు. నేను ప్రార్థనకు పోలేదు, ఆ కిటికీ దగ్గరే నిలబడి ప్రార్థించాను. చాలాసేపటికి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని పట్టుకొచ్చారు. ఆయన ఆ చచ్చిపోయిన లైటును బల్ల మీంచి తీసి, మళ్లీ నా చేతికి ఇచ్చి, బిళ్ల తీసుకున్నాడు. సర్దారూ, నవ్వినవాళ్లూ మెచ్చుకోకపోగా షిఫ్టు ఆలస్యమైందని గొణుక్కున్నారు. ఆ మనిషే తరువాత మా ఇంటాయన అయ్యాడు. కింద ఏం చేశావని ఎవరడిగినా, "ఏముంది, మంచిగ నిద్రపట్టింది," అని నవ్వించేవాడు. పిల్లలకు కూడా అంతే చెప్పాడు.

మొన్న ఆదివారం అమ్మాయి ఇంకో ప్రశ్న చదివింది. ఎవరో రాశారు: నా ర్యాకులో ఒక అర ఖాళీగా ఉంది, ఆ బిళ్ల నా స్నేహితుడిది, ఎప్పుడూ కలిసే ఆడేవాళ్లం, లైటు తీసుకుని గనిలోకి దిగినవాడు మళ్లీ ఆటలోకి రాలేదు, చాలా రోజులైంది, తలుపు మూసుకోవడం లేదు, ఏం చెయ్యాలి? దీనికి జవాబు సులువే, వచ్చే మార్పుతో ఆ అర నిండిపోతుందంటూ అమ్మాయి రాయబోయింది.

"ఆగు బిడ్డా," అన్నాడు మా ఇంటాయన. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. "అర నిండుడు గాదు. ఆ దోస్తు ఏడున్నడో ముందుగాల దేవులాడమను."

"ఆటలనా బాపూ?"

"ఆటల గాదు. ఇంటికి పోయి సూడమను."

అమ్మాయి ఆయన వంకా నా వంకా చూసింది. ఆయన నా వైపు తిరిగి, "నాకు ఆనాడు నిద్ర పట్టలేదే," అన్నాడు నాతో. "పైన ఎవరన్న నా బిళ్ల సూస్తున్నరా లేదా అని ఒకటే పరేషాన్."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదలు. అప్పుడు ఆ రోజు సంగతంతా అమ్మాయి అడిగింది, ఆయన చెప్పాడు, నేను మధ్యలో కల్పించుకోలేదు. తరువాత అమ్మాయి ఆ మనిషికి ముందు నీ స్నేహితుడి ఇంటికి వెళ్లి చూడు అని రాసింది. ఇప్పటికీ తిరుగు జవాబు లేదు.

ర్యాకు సంగతంటారా, అడిగేవాళ్లు అంతమంది ఉంటే ఏం చేస్తుంది! ఆ పద్ధతి కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని పెట్టుకునేలా సెట్టింగుల్లో ఒక మూలన ఉంచి, మిగతావాళ్లకు తీసేసింది. వెతుక్కునేదెవరు? మా గని మూతపడింది, లాంప్ రూంకు తాళం పడింది. సంఘంలో కూడా సగంమంది ఫోనులోనే ఆరాధన వింటున్నారు, కుర్చీ ఖాళీగా ఉంటే ఫోనులో చూస్తున్నాడులే అనుకుంటాం. ఆనాడు గని దగ్గర వెనుక వస్తున్నాడులే అనుకున్నట్టే. ఖాళీలు తొందరగా నింపేయడం నేర్చుకున్నాం, అది ఎవరి ఖాళీ అని అడగడం ఎక్కడ పోగొట్టుకున్నామో.

ఆ ప్రశ్న రాసిన మనిషి, తిరిగి రాని స్నేహితుడు, ఆ ఇద్దరి పేర్లూ నాకు తెలియవు, ఏ ఊరివాళ్లో తెలియదు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, బిళ్ల వేలాడుతున్న ఆ ఒక్కరు ఎక్కడున్నారో నీకు తెలుసు. వెతకబోయేవారి కాళ్లకు బలమివ్వు, చీకట్లో కూర్చున్నవారికి వాళ్ల అడుగుల చప్పుడు వినిపించు. ఆమేన్.