మాట్లాడితే మార్కులు

మొయినాబాద్‌ల ఒక ప్రైవేటు స్కూల్ల పదకొండు, పన్నెండు తరగతులకు లెక్కలు చెప్త. ఇల్లు చేవెళ్లల. నా బిడ్డ కూడా అదే స్కూలు. అది పదకొండుకు వచ్చిన ఏడాది జర్మనీ నుంచి ఒక పిల్ల వచ్చి మా ఇంట్ల ఉన్నది. బయటి దేశాల పిల్లలు ఒక ఏడాది ఇక్కడ చదువుకొని పోయే ఏర్పాటు అది. "మీ ఇంట్ల ఆమె ఈడు పిల్ల ఉన్నది గద మేడం" అని ప్రిన్సిపల్ సార్ అడిగితే సరే అన్న.

జొన్నరొట్టెకు, పచ్చిపులుసుకు తొందరగనే అలవాటు పడ్డది. కష్టమంతా లెక్కల క్లాసుల వచ్చింది. అది కూడా ఆ పిల్లకు కాదు, నాకు.

నేను బోర్డు మీద సూత్రం రాస్తే మా పిల్లలు తల వంచుకొని ఎక్కించుకుంటరు. ఈ పిల్ల చెయ్యి ఎత్తి ఇంగ్లిషుల అడిగేది. "మేడం, ఇది ఎందుకు నిజం?" చెప్తే, "మరి ఇట్ల చేస్తే రాదా?" అనేది. చాలాసార్లు తప్పే చెప్పేది. అయినా జంకేది కాదు. మా పిల్లలేమో జవాబు నోట్సుల కరెక్టుగ ఉన్నా నోరు విప్పరు. ఈమెకు నోరు జర ఎక్కువ అనుకున్న. సిలబస్ ఎట్ల అయిపోవాలె అని నా ఫికర్ నాది.

మొదటి టెస్టుల ఒక ట్యాంకు లెక్క ఇచ్చిన. ట్యాంకుల 1,250 లీటర్ల నీళ్లున్నయి, ఇంత వేగంతోని పోతున్నయి, ఎప్పటికి ఖాళీ అయితది? ఆమె పేపర్ల పద్ధతంతా సరిగ్గనే ఉన్నది, జవాబు మాత్రం ఎక్కడికో పోయింది. కొట్టేసిన. ఆ సాయంత్రం ఇంట్ల పేపరు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"మేడం, లీటరుంబావు నీళ్లు పట్టే ట్యాంకు ఎక్కడుంటది? నాకూ అనుమానం వచ్చింది. బొమ్మ ట్యాంకేమో అనుకున్న."

నాకు సమజ్ కావడానికి జరసేపు పట్టింది. వాళ్ల దేశంల పాయింటు పెట్టే కాడ కామా పెడతరట. నా పన్నెండు వందల యాభై ఆమెకు ఒకటింబావు అయింది. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. మార్కులు వేసిన.

ఇగ అక్కడి నుంచి ముచ్చట నడిచింది. వాళ్ల దగ్గర మార్కు ఒకటి వస్తే అందరికంటె మంచిగ చదివినట్టు, ఆరు వస్తే ఫెయిలు.

"ఒకటి వస్తే మా అమ్మ అన్నం పెట్టదు" అన్నది నా బిడ్డ.

"మా అమ్మ కేకు చేస్తది" అన్నది ఆమె.

క్లాసుల మాట్లాడినందుకు కూడా మార్కులుంటయట, దగ్గర దగ్గర సగం. జవాబు తప్పయినా సరే, ఆలోచన బయటికి చెప్పాలె.

నా బిడ్డ నోరు తెరిచింది. "మాట్లాడితే మార్కులా? మా దగ్గర మాట్లాడితే బయట నిలబెడతరు!"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిల్ల నోరు ఎక్కువై కాదు, బుద్ధిగ చదువుకుంటున్నందుకే చెయ్యి ఎత్తుతున్నది.

ఆమెకు మా దగ్గర దొరికినవి కూడా ఉన్నయి. కాలిక్యులేటర్ లేకుంటే చిన్న గుణకారానికి కూడా తడబడేది. పొద్దున బస్సుల నా వెనక సీట్ల నా బిడ్డ నేర్పేది. "అరవై ఐదును అరవై ఐదుతోని గుణించాలె. ఆరును దాని తర్వాత వచ్చే ఏడుతోని గుణించు, నలభై రెండు. వెనక ఇరవై ఐదు పెట్టు. నాలుగు వేల రెండు వందల ఇరవై ఐదు." ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. మళ్ల వెంటనే, "ఎందుకు ఇట్ల వస్తది?"

నా బిడ్డకు తెల్వదు. చిన్నప్పుడు నేనే నేర్పిన, ఎందుకో చెప్పలేదు. ఇద్దరు తలకాయలు కలిపి, బస్సు ఎగిరెగిరి పడుతుంటే టికెట్టు వెనక గీక్కుంట కూసున్నరు. మొయినాబాద్ రాకముందే "వచ్చింది!" అని అరిచిన్రు. కండక్టర్ ఏమైందో అని ఉరికొచ్చిండు.

ఆ వారమే శనివారం క్లాసుల పెన్నులు లోపల పెట్టమన్న. "ఇయ్యాల రాసుడు లేదు, మాట్లాడుడే. తప్పు చెప్పినా మార్కులేస్త" అన్న. బోర్డు మీద గుట్ట తీరుగ ఒక వంపు గీసి, శిఖరం కాడ వాలు సున్న ఎందుకైతదని అడిగిన. జర్మనీ పిల్లను చూసి నోటి మీద వేలు పెట్టిన. ఆమె నవ్వుకుంట చెయ్యి దించుకున్నది.

అందరు తలలు వంచుకున్నరు. ఆఖరికి ఆలూరు నుంచి వచ్చే ఒక పిల్ల, హాజరు పలకడానికి తప్ప నోరు తెరవనిది, మెల్లగ లేచింది.

"మేడం, ఉయ్యాల... మీదికి పోయినంక, కిందికి వచ్చే ముందట ఒక్క జర ఆగుతది గద. అప్పుడు పైకి పోతలేదు, కిందికి వస్తలేదు. గట్లనే కావచ్చు."

క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. "గట్లనే బిడ్డా, గట్లనే!" అన్న. ఇగ ఒకడు క్రికెట్ బాల్ అన్నడు, ఇంకొకామె గాలిపటం అన్నది, కాదని ఇంకొకడు లేచిండు. గంట కొట్టింది గూడ ఎవ్వరికి వినపడలేదు.

ఏడాది అయినంక ఆ పిల్ల వాళ్ల ఊరికి పోయింది. అక్కడి క్లాసుల కాలిక్యులేటర్ ముట్టకుండ గుణించి చూపిస్తే సార్ రెండోసారి చేయించుకున్నడని నా బిడ్డకు మెసేజ్ పెట్టింది. మా శనివారం క్లాసు ఇప్పటికీ నడుస్తనే ఉన్నది. సిలబస్ ఆగలేదు. మొన్న ప్రిన్సిపల్ సార్ వరండాల పోతూ తలుపు కాడ ఆగిండు.

"ఏం లొల్లి మేడం ఇది?"

"లెక్కలు సార్" అన్న.