నెల్వా ఎవరినీ ఎరగదు

“…నిన్న ఇదే బల్ల దగ్గర మీరే నాకు కాఫీ పోశారు. ఇవాళ మళ్ళీ పేరడుగుతున్నారు.”

“అడిగితే తప్పా అయ్యా? తెలిస్తే అడగనుగా,” అంది నెల్వా బోర్స్‌మా.

డ్వేన్ హుక్‌స్ట్రా మళ్ళీ పేరు చెప్పుకున్నాడు. ఆవిడ కొత్త పరిచయానికి సంతోషించి చెయ్యి కలిపింది. ఆ చెయ్యి నూతి గట్టులా చల్లగా ఉంది.

నెల్వాకున్న జబ్బు అదొక్కటే, ఎవరినీ ఎరగదు. కోర్టు నేలమాళిగలో పాత నేరాల కాగితాలు కాస్తూ తల నెరిసిన మనిషి, ఊళ్ళో మాత్రం నిన్ననే దిగినట్టు తిరుగుతుంది. తన పెళ్ళి చేయించిన పాస్టరుగారిని ఈ ఊరికి కొత్తా అని అడిగింది. థాంక్స్‌గివింగ్ విందులో సొంత చెల్లెలు ఆల్మాని పేరడిగి, వంట బాగుందని మెచ్చుకుంది. ఆవిడ చూపు మనిషి మీద ఆగదు, లోపలినుంచి దూరి వెనక గోడని చూస్తుంది. ఆ చూపు పడ్డవాళ్ళు ఇంటికెళ్ళి అద్దంలో ఉన్నామో లేదో చూసుకుంటారని వాడుక. డ్వేన్ కూడా చూసుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు.

ఆయన కౌంటీ పాలకసభలో పద్దులు చూసే సభ్యుడు, ఈ నేలమాళిగ ఖర్చు తేల్చడానికే కిందికి దిగాడు. పాత కేసులు చెరిపించుకునే వీలు కొత్త చట్టం ఇంకా చాలామందికి ఇచ్చింది. చట్టం రాష్ట్రానిది, ఖర్చు కౌంటీది. నేలమాళిగలో మరో ఇద్దరిని పెట్టుకోవాలి, లేదా మంచు తోసే కొత్త బండి కొనాలి. రెండూ కుదరవు. మధ్యాహ్నం సభలో తేలిపోవాలి. కేసులు చెరిపించుకోడానికి మెట్లమీద అప్పుడే జనం బారు తీరారు. అందరికంటే ముందున్న ఆర్విన్‌కి బడి బస్సు నడిపే పని చూపించారు గాని, కుర్రతనపు కేసు చెరిగేదాకా ఆ పని అతని కోసం ఆగదు.

డ్వేన్ అరల మధ్య నడిచాడు. చెరిగిన కట్ట ఉన్నచోటు నెల్వా పూడ్చదు, ఖాళీగా ఉంచుతుంది. అరలన్నీ పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. హుక్‌స్ట్రాల అరలోనూ ఒక ఖాళీ ఉంది. ఆయన దానివైపు చూడకుండా దాటాడు.

“ఈ ఖాళీలు వెచ్చబెట్టడానికి కూడా కౌంటీయే డబ్బు కట్టాలా?”

“వాళ్ళకి చలేస్తుంది కదయ్యా.”

“ఎవరికి?”

“ఇక్కడెవరున్నారు?” అంది నెల్వా, ఆయన భుజం వెనక్కి చూస్తూ.

డ్వేన్ కొంచెం వేగంగానే మెట్లెక్కాడు.

పై అంతస్తు క్యాంటీన్‌లో ఆల్మా సూపు వడ్డిస్తోంది. మీ అక్కకి మతి పోయిందనీ, ఇంటికి పంపి ఆ గది మూసేస్తే బండి వస్తుందనీ ఆయన చెప్పాడు. ఆల్మా గరిటె దించింది.

“మతి పోలేదు. ఒకప్పుడు దాణా కొట్లో ఒకతన్ని చూసి, బాగున్నావా రాయ్ అని నోరారా పలకరించింది. అతని కేసు చెరిగిందన్న సంతోషం. కోర్టు నేలమాళిగావిడకి నువ్వెలా తెలుసని కొట్టు యజమాని అడిగాడు. ఆ వారమే రాయ్ పని పోయింది. కాగితం చెరిగినా మా అక్క పలకరింపు మిగిలింది.”

“సరే, వాళ్ళని ఎరగనట్టుంటే చాలు. పాస్టరుగారేం చేశారు? నువ్వేం చేశావు?”

“మమ్మల్ని మాత్రం ఎరిగితే, ఎరగనివాళ్ళెవరో ఊరికి తెలిసిపోదూ? అందుకే సొంత చెల్లెల్ని కూడా ఎరగదు. సూపు చల్లారుతోంది, తాగండి.”

డ్వేన్ తాగలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పక్క పొలం ట్రాక్టరుని తాగి చెరువులోకి తోలిన కుర్రాడొకడు ఉండేవాడు. ఆ కేసు కట్టని హుక్‌స్ట్రాల అరలోంచి తీసింది నెల్వాయే. అన్నేళ్ళూ ఆవిడ పేరడిగినప్పుడల్లా, ముసలిదాని మతిమరుపు తన అదృష్టమనుకున్నాడు.

సభలో నెల్వా వెనక బెంచీ మీద కూర్చుంది. డ్వేన్ తిన్నగా ఆవిడ దగ్గరికెళ్ళి చెయ్యి చాచాడు.

“నా పేరు డ్వేన్ హుక్‌స్ట్రా అమ్మా. మనం ఇంతకుముందు కలవలేదు.”

“ఎక్కడా చూసినట్టు లేదు,” అంది నెల్వా. చర్చిలో ప్రసంగం సాగుతుంటే పంచినట్టు, ఆయన అరచేతిలో ఒక పిప్పరమెంటు పెట్టింది.

ఆయన దాన్ని బుగ్గన పెట్టుకుని ముందుకెళ్ళి మైకు సరిచేసుకున్నాడు.

“ఈ చలికాలం కూడా పాత బండితోనే మంచు తోస్తాం. కింద ఇద్దరిని తీసుకుంటున్నాం.”