బుసైతీన్ తులసి

ఆ ఇంట్లో పనికి చేరిన మొదటి ఉదయమే వంటింటి వెనక గోడ వారగా ఆ మొక్కలు చూశాను. చిన్న ఆకులు, నిటారుగా పూత కంకులు, నలిపితే ఘాటు వాసన. సముద్రం దాటి ఈ బుసైతీన్ ఊరొస్తే అరబ్బుల ఇంట్లో తులసమ్మ ఎదురైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పట్నించి పొద్దున్నే చెంబుడు నీళ్ళు పోసి కళ్ళకద్దుకునేదాన్ని. అంట్ల నీళ్ళు అటు పోయనిచ్చేదాన్ని కాదు. ముట్టు రోజుల్లో ఆ పక్కకే వెళ్ళేదాన్ని కాదు. ఇంత మడి నేను మా ఊళ్ళో కూడా పాటించలేదు.

నా మడి ఇలా ఉంటే, ఆ ఇంటి పెద్దావిడ గురువారం గురువారం సరిగ్గా పొద్దుగూకే వేళ కత్తెర పట్టుకుని వచ్చేది. దీపాలవేళ తులసి తుంచకూడదని మా అమ్మ వేలసార్లు చెప్పింది. ఈవిడ గుప్పెడు కొమ్మలు కసకసా కత్తిరించి జడలో దోపుకునేది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. నాకు లోపల ఉడికిపోయేది. అనగలనా? "సరే యుమ్మా" అని చీపురు అందుకునేదాన్ని. యుమ్మా అంటే అమ్మా అన్నట్టే.

చలికాలంలో నాకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు, ఒకసారి మొదలైతే కళ్ళు తిరిగిందాకా వదలదు. అసలే నేను కుదురులేని మనిషిని, ఇంక నిలవనూ లేను, కూర్చోనూ లేను. వీసా తిరగరాసే ముందు మెడికల్ ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో పోతే ఇంటికే. కూతురి నర్సింగు చదువు మధ్యలో ఉంది, నా సంపాదన తప్ప దానికి వేరే దిక్కు లేదు.

ఇక్కడే ఈసా టౌన్‌లో ఇంటిపని చేసే మా ఊరి అక్కకి ఫోన్ చేశాను.

"ఒసే, ఎక్స్‌రేలో మచ్చ కనపడిందంటే ఖలాస్, పెట్టె సర్దుకోడవే," అంది. "తులసాకు ఉందన్నావు కదా. మిరియాలు, అల్లం దంచేసి మరగబెట్టి తాగు. ఈలోపు ఎవరి ముందూ దగ్గకు."

చిన్నప్పుడు మా అమ్మ పోసింది ఆ కషాయమే. గ్లాసుడు నీళ్ళు సగానికి మరగాలి, గోరువెచ్చనయ్యాక తేనె కలపాలి. తాగితే గొంతు వదులయ్యేది, జలుబు దిగేది. ఇక్కడా అలాగే కాచాను. "క్షమించు తల్లీ" అని ఆకు గిల్లడం, కాచుకోవడం, దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గడం. రుచి మాత్రం ఎక్కడో తేడాగా ఉండేది. తులసి కారం లేదు, ఏదో తీపి. ఎడారి మట్టి కదా అని సరిపెట్టుకున్నాను. దగ్గు తగ్గకపోయేసరికి ఆకు రెట్టింపు చేశాను.

ఒక మధ్యాహ్నం ఆకు గిల్లుతుండగా యుమ్మా వెనకనుంచి వచ్చింది. ఎందుకని అడిగింది. నాకొచ్చిన ముక్కల అరబీలో దగ్గని, మందని చెప్పాను. ఆవిడ గోడకి చెయ్యి ఆనించి నవ్వింది.

"ఇది మష్మూమ్. తల్లో పెట్టుకునేది. దీన్ని తాగుతున్నావా?"

ఎండిన కంకి ఒకటి నలిపి నా అరచేతిలో పోసింది. నల్లటి గింజలు. చూడగానే తెలిసిపోయింది, సబ్జా. ఎండాకాలం నిమ్మనీళ్ళలో నానబెట్టుకునే గింజలు. మా వైపు పూలదండల్లో మరువం పక్కన కట్టే రుద్రజడ ఇదే. మొక్కినన్నాళ్ళూ రుద్రజడకి మొక్కాను. సిగ్గేసింది, దానికంటే ఎక్కువ భయమేసింది. దగ్గు సంగతి నా నోటితో నేనే చెప్పేశాను మరి.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి జాతర్ అనే ఎండాకు మరగబెట్టి ఇచ్చింది. అచ్చం వాము వాసన. ఛాతీలో వెచ్చగా దిగింది.

మర్నాడు భోజనాల వేళ వంటింట్లో ఉండగా దగ్గు తెర వచ్చింది. గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆవిడ కొడుకు, అంటే నాకు వీసా ఇచ్చిన కఫీల్, అన్నం దగ్గర్నించి గొంతెత్తాడు. "ఎవరు దగ్గేది?"

"నేనే. ఏం, దగ్గకూడదా?" అంది యుమ్మా. అని, నిజంగానే గట్టిగా దగ్గింది.

కొడుకు కంగారుపడి ఆ సాయంత్రమే ఆసుపత్రికి కారు తీశాడు. సంచీ పట్టుకోవడానికని ఆవిడ నన్ను వెంట తీసుకెళ్ళింది. కొడుకుని బయట కూర్చోబెట్టి, లోపలికెళ్ళాక డాక్టరమ్మ ముందున్న కుర్చీలోకి నన్ను తోసింది. "ముందు ఈమెని చూడు."

డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి వింది, ఎక్స్‌రే తీయించింది. అది వచ్చేదాకా నేను కొడుకు కంటపడకుండా వెనక వరండాలో తిరుగుతూనే ఉన్నాను. మచ్చ లేదు. తలుపులేసుకుని బ్లీచింగ్ నీళ్ళతో బాత్రూములు కడుగుతున్నావా అని అడిగింది. అవునన్నాను. ఆ ఘాటుకే దగ్గు అంది. "కషాయం తాగు, గొంతుకి హాయిగా ఉంటుంది. తలుపు మాత్రం తీసి కడుగు," అని పీల్చే మందు రాసింది.

ఇంటికొచ్చాక, నా కోసం ఎందుకు అబద్ధమాడావని యుమ్మాని అడిగాను. ఆవిడ జడలో వాడిన కొమ్మని సర్దుకుంది.

"నీకు ముందు పనిచేసిన పిల్ల కూడా దగ్గేది. రాత్రుళ్ళు దగ్గుతోందని నా కొడుక్కి నేనే చెప్పాను. మందిప్పిస్తాడనుకున్నా. విమానం ఎక్కించాడు. బతికుందో లేదో తెలీదు. మంచి పిల్ల."

ఆ పిల్ల పడుకున్న మంచం మీదే నేను పడుకుంటున్నాను.

ఇప్పుడు బాత్రూం తలుపు తీసే కడుగుతున్నాను. గురువారం పొద్దుగూకే వేళ కత్తెర నేనే తీసుకెళ్ళి కొమ్మలు కోసి ఆవిడ జడలో పెడుతున్నాను. దగ్గు వస్తే, దుప్పటి వెతుక్కోకుండా, గట్టిగానే దగ్గుతున్నాను.