యేసుకు చెప్పిన గోత్రం

నా చిన్నప్పుడు మునిగుడలో మా ఇంట్లో ఒక ఏడాది పండగలు లేవు. ఆ వానల్లో వచ్చిన జ్వరం రెండేళ్ళ మా తమ్ముణ్ణి తీసుకుపోయింది. వారం తిరక్కుండా పక్కింటి అక్క కొడుకునీ తీసుకుపోయింది. మాది చింతపండు టోకు వ్యాపారం. అక్క భర్త రైల్వేలో పనిచేసేవాడు. వాళ్ళు క్రైస్తవులు.

చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదని మా ఆచారం. పసివాడికి అంత పట్టింపు అక్కర్లేదని కొందరన్నా నాయనమ్మ ఒప్పుకోలేదు. మూకుడు సంగతి అలా ఉంచితే, అమ్మ అసలు పొయ్యి దగ్గరికే రావడం మానేసింది. గోడకేసి తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు. తమ్ముడితోపాటు అమ్మ కూడా పోయిందేమోనని నాకు భయం పట్టుకుంది. వాడి పేరెత్తితే నాన్న కళ్ళురిమేవాడు, అందుకని ఎవరినీ ఏమీ అడగలేకపోయాను.

క్రిస్మస్ ముందురోజు పక్కింట్లోంచి అరిసెల వాసన వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, గుమ్మానికి కాగితం నక్షత్రం, పొయ్యి మీద మూకుడు, అక్క నోట పాట! నాకు ఒళ్ళు మండింది.

"మీ బాబు సచ్చిపోనాడు కదా, మూకుడెలాగెట్టేవు?" అని అడిగేశాను.

అక్క కోప్పడలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి. "ఏడుపు రోజూ వస్తాది అమ్మీ. కానీ యేసయ్య సచ్చి లేచినోడు. మా బాబు ఆయన దగ్గరున్నాడు. మళ్ళీ సూస్తాను" అంది.

ఏడుస్తూ పాడటమేమిటో, చచ్చి లేవడమేమిటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు కావలసింది ఒకటే. "మరి మా తమ్ముడో?" అన్నాను.

మూకుట్లో అరిసె మాడిపోయింది. "అది నాకు తెల్దమ్మీ. మీ బుజ్జిగాణ్ణి కూడా సూసుకోమని రోజూ యేసయ్యని అడుగుతన్నాను" అంది అక్క.

పరిగెత్తుకొచ్చి అమ్మ చెవిలో ఆ మాట వేశాను. అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "బుజ్జిగాడంటే ఆయనకేటి తెలుస్తాది? ఊరినిండా బుజ్జిగాళ్ళే" అంది. అన్ని నెలల తర్వాత అమ్మ నోట నేను విన్న మొదటి మాట అదే. లేచి, జుట్టు ముడేసుకుని, పక్కింటికి నడిచింది. గుళ్ళో పూజారికి చెప్పినట్టే అక్కకు తమ్ముడి గోత్రం, అసలు పేరు చెప్పింది.

అక్క నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఆ గోత్రమూ పేరూ పొల్లుపోకుండా యేసుకు చెప్పింది. అప్పుడు ఏడ్చింది అమ్మ, గొంతెత్తి. ఆ తర్వాత అమ్మ, అక్క వేసిన పీట మీదే కూర్చుని ఒక అరిసె అందుకుని, సగం తుంచి నాకు పెట్టి, సగం తను తింది.

నాకిప్పుడు అరవై దాటాయి. మేము గుళ్ళకే వెళతాం. తమ్ముడు ఎక్కడున్నాడో, ఆ ప్రార్థన ఎవరికి చేరిందో నాకిప్పటికీ తికమకే. బిడ్డ పోయిన ఇంటికి వెళితే ఓదార్పు మాటలు చెప్పడం నాకు చేతకాదు. తల్లి పక్కన కూర్చుని, "పిల్లడి పేరేటమ్మా?" అని అడుగుతాను. ఒకసారి చెప్పడం మొదలుపెట్టాక, ఇక ఆపరు.