రెండో షిఫ్టు కూతకు ఆగిపోయే ఓడ

వీర్రాజుది కాకినాడ. సముద్రం ఒడ్డున పుట్టి, నేవీలో పదేళ్లు చేసి, చివరికి గోదావరిఖని బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపు దగ్గర తేలాడు. రాత అంటే అదే మరి.

డెబ్బై ఒకటి యుద్ధంలో సరుకు ఓడలకు కాపలా వెళ్లిన 'సింధుకేతు' అతని ఓడ. దాని కథ చెప్పకపోతే అతనికి అన్నం అరగదు. రోజూ రెండో షిఫ్టుకు ముందు క్యాంటీన్లో మొదలుపెట్టేవాడు: ఓడ ఎప్పుడు నీళ్లలో దిగింది, ఎన్ని తుఫాన్లు తట్టుకుంది, యుద్ధంలో అడుగున సబ్‌మెరైన్ చప్పుడు ఎలా వినపడింది. సరిగ్గా అక్కడికి రాగానే సైరన్ కూసేది. అందరూ బాయిలో దిగే ముందు తలదీపాలు తీసుకునే లాంపు రూముకు పరుగు. పోనీ నిన్న ఆపిన దగ్గర్నుంచి చెప్పమంటే ఒప్పుకోడు. ఓడన్నాక రేవు నుంచే బయల్దేరాలట! ముప్పై ఏళ్లు ఇదే వరస.

రెండు వేల పదిలో రిటైరైన రోజు ఒకే ఒక్క కోరిక కోరాడు: సన్మానంలో కథ చివరిదాకా చెప్పనివ్వాలి. అది ఒక్కసారైనా ఒడ్డుకు చేరకపోతే తన బతుకే సగంలో ఆగినట్టు అతనికి దిగులు. మేనేజరు మంచివాడు, షిఫ్టుకు పావుగంట ఆలస్యమైనా పర్వాలేదన్నాడు.

మెడలో దండలతో వీర్రాజు మైకు పట్టాడు. కథ తుఫాన్లు దాటింది. "కింద టంగు టంగుమని చప్పుడండీ. మా కెప్టెన్ చెయ్యెత్తాడు..."

సైరన్ కూసింది. పావుగంట సంగతి ఎవడికి గుర్తుంటుంది? కుర్చీలు గర్రుమన్నాయి, హాలు ఖాళీ. ఇంకా విచిత్రం, వీర్రాజు కూడా మైకు వదిలేసి వాళ్ల వెంటే ఉరికాడు. లాంపు రూము కిటికీ ముందు వరసలో నిలబడి చెయ్యి చాపాడు.

లోపల లాంపులిచ్చే సదయ్య తల గోక్కున్నాడు. "రాజన్నా, నీ లాంపు పొద్దుగాలనే అప్పజెప్పినవ్ గద."

వీర్రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వద్దనుకున్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకే ఉన్న రాయమల్లు, ముప్పై ఏళ్లుగా అదే పంపు మీద జోడీ, అతని భుజమ్మీద చెయ్యేశాడు. "గది ఇడిచిపెట్టు బావ. ముందుగాల గా చప్పుడేందో చెప్పు. ఇంక పావుగంటున్నది."

"సబ్‌మెరైనే అనుకుని బాంబులేశాం. తెల్లారి చూస్తే నీళ్లనిండా చేపలే. మా యంత్రానికి తగిలి మోగింది చేపల గుంపురా. నాలుగు రోజులు పులుసు తిన్నాం."

వరసంతా పగలబడి నవ్వింది.

"మరి ఓడేమైంది?" వరసలోంచి ఎవరో అడిగారు.

"ముసలిదైందని తుక్కుకు అమ్మేశారు." వీర్రాజు మెడలో దండలు తీసేశాడు.

"నీకా ఫికర్ లేదు తియ్యి. నిన్ను తుక్కుకు గూడ ఎవ్వడు కొనడు," అన్నాడు రాయమల్లు లాంపు అందుకుంటూ. "రేపు క్యాంటీన్‌కు జల్ది రా. మళ్ల మొదటి సంది చెప్పాలె."