బున్‌లువాం అన్న అరికాళ్లు

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో నామ్ ఖాన్ నది మీద వెదురు వంతెన ఏటా వానలు తగ్గాక కడతాం, మళ్లీ వానలు ముదిరేలోపు విప్పేస్తాం. ఇరవై రెండేళ్లుగా నేను బున్‌లువాం అన్న దగ్గరే వెదురు మోస్తున్నాను. కట్లు బిగించేది ఆయన. రోజూ పొద్దున్నే చెప్పులు విడిచి ఆ ఒడ్డు దాకా వెళ్లి వస్తాడు. ఎక్కడ కట్టు వదులైందో ఆయన అరికాలికి తెలిసిపోతుంది. ఆయన "సరే" అంటేనే గుళ్లు చూడటానికి వచ్చినవాళ్లను ఎక్కనిస్తాం.

పుల్లలాంటి మనిషి. మాట తక్కువ, వెక్కిరింత ఎక్కువ. నా కాళ్లకు చెప్పులు కనిపిస్తే చాలు, "దొరగారు వేంచేశారు" అనేవాడు.

ఈ ఏప్రిల్‌లో ఎగువన వానలు పడి నీళ్లు ముందే ఎర్రబడ్డాయి. ఒక పొద్దున అన్న నడిచి వచ్చి "సరే" అన్నాడు. జనం ఎక్కారు. వాళ్ల వెనకే తాడు చుట్టతో వెళ్తుంటే వెదురు మీద నెత్తురు మరకలు కనిపించాయి. అడుగుకో మరక. వాటిని పట్టుకుని వెనక్కి వచ్చాను. ఒడ్డున కూర్చున్న అన్న దగ్గర ఆగాయి. ఆయన మడమలో వేలెడు వెదురు పేడు దిగి ఉంది.

"అన్నా, కాలు!"

"ఏమైందిరా నా కాలికి?"

ఎత్తి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి అన్నా?"

"తిమ్మిరి అనుకున్నానురా. షుగర్ అంది డాక్టరమ్మ. రోజూ తినే బంకన్నం మానెయ్యమంది. అది మానేసి బతకడమెందుకని నవ్వేసి వచ్చా."

ఏమీ తెలియని ఆ అరికాళ్ల "సరే" నమ్మి వంతెన మీద ముప్పై మంది దాకా ఉన్నారు. అరిస్తే పరుగెత్తుతారు. పరుగెత్తితే ఊగుతుంది.

"నవ్వుకుంటూ వెళ్లు," అన్నాడు అన్న. "పళ్లు కనపడాలి. ఒక్కొక్కళ్లనే పిలువు."

పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ ఒక్కొక్కళ్లనే పిలిచాను. వెదురు కిర్రుమంటే ఇంకా గట్టిగా నవ్వాను. ఒక ముసలావిడ మధ్యలో ఆగి నదిని ఫోటో తీస్తోంది.

"రా తల్లీ, నీకు దణ్ణం పెడతా, కదులు," అన్నాను. ఆమెకు మా మాట రాదు. నా వైపు తిరిగి నన్నూ ఒక ఫోటో తీసింది.

అందరూ దిగాక అన్న వంతెన మొదట్లో అడ్డంగా వెదురు కట్టాడు.

"ఇప్పుడు నువ్వు విప్పు, చెప్పులు."

నడిచాను. నాలుగో గుంజ దగ్గర కాలి కింద వెదురు పక్కకు జారింది. వంగి చూసి, నడక మరిచిపోయినవాడిలా పాక్కుంటూ తిరిగొచ్చాను.

"చెప్పరా."

"నాలుగో గుంజ. కట్టు తెగింది."

"ఇవాళ తెగిందా?"

నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.

"ఒరే, ఇవాళేనా?"

"కాదన్నా. తెగిన కొసలకు నాచు పట్టేసింది."

ఆయన ఇసుకలో కూలబడ్డాడు.

"నిన్న బడిపిల్లలు వెళ్లారురా. గెంతుతూ."

ఆ రోజే వంతెన విప్పడం మొదలుపెట్టాం. మొదటి కట్టు ఆయనే కోశాడు.